నాలుగు దినాల కాగితం

2006 జూన్ 14, బుధవారం

ఈరోజు బడి తెరిచాం. పన్నెండున తెరవాల్సింది, రెండు రోజులు ఆపాం. 388 మంది వచ్చారు.

పొద్దున గంట ఎవరు కొట్టాలో తెలియక టీచర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి హెడ్‌మిస్ట్రెస్‌ని నేనే వెళ్ళి కొట్టాను. పదకొండేళ్ళుగా ఆ గంట కంబన్నే కొట్టేవాడు. గేటు తీయడం, మోటారు వేయడం, ఊగే బెంచీలకు మేకులు కొట్టడం, పిల్లలకు జ్వరమొస్తే సైకిల్ మీద ఇంట్లో దింపి రావడం, అన్నీ అతనే. కాగితాల్లో కేర్‌టేకర్ అని రాశాం. పిల్లలు తాతా అనేవాళ్ళు. నలభై ఆరేళ్ళ మనిషి.

శనివారం మధ్యాహ్నం బడి నీళ్ళ సంపులో చనిపోయాడు. అడుగున బురదనీళ్ళు తోడడానికి కిరోసిన్ ఇంజను సంపులోకి దించుకున్నాడు. పొగ కమ్మింది.

నిద్ర బాగానే పడుతోంది.

జూన్ 15

అత్తయ్య ఏడుస్తూనే ఉంది. నాకు రాలేదు. పాలవాడికి డబ్బులిచ్చాను. జాకెట్లకు కాజాలు కుట్టాను.

జూన్ 18, ఆదివారం

జరిగింది ఒకసారి వరసగా రాసుకుంటే మంచిదనిపించింది. సీఐ గారు మళ్ళీ అడిగితే తడబడకుండా ఉంటుంది.

పదో తేదీ శనివారం. వేసవి సెలవుల్లో సంపు మూసే ఉంది. అడుగున మోకాలి లోతు బురదనీళ్ళు మిగిలాయి. సోమవారం పిల్లలు వస్తారని సాయంత్రం నాలుగింటికి నీళ్ళ ట్యాంకర్ చెప్పాను. ఆలోపు సంపు కడగాలి. పదకొండుకు కరెంటు పోయింది, మోటారు పనిచేయదు. మా ఆయన కొట్టు నుంచి కిరోసిన్ ఇంజను తెప్పించాను. ఇంజను గట్టు మీద పెడితే పైపు అడుగుదాకా అందలేదు. కంబన్న ఇంజనుకు తాడు కట్టి లోపలికి దించుకున్నాడు. ఇనప నిచ్చెన మీద తనూ దిగి, నీళ్ళు తగలకుండా నిచ్చెన మెట్టుకు కట్టి స్టార్ట్ చేశాడు.

నేను ఆఫీసు గదిలోకి వచ్చి టైంటేబుల్ రాస్తూ కూర్చున్నాను. కంబన్న భార్య నాగక్క, మా బడి ఆయా, మేడమీద గదులు కడుగుతోంది. ఇంజను మోత వినబడుతూనే ఉంది. మోత వినబడుతున్నంతసేపూ పని జరుగుతోందనుకున్నాను. ముప్పావు గంటకు ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను, ఆ మోతకు తల నొస్తోంది. తొమ్మిదో తరగతి టైంటేబుల్ పూర్తిచేసి, గీతలు కూడా స్కేలు పెట్టి గీసుకున్నాను.

నాగక్క అరుపు విని లేచాను. ట్యాంకర్ డ్రైవరు చెప్పిన వేళకన్నా ముందే వచ్చాడు, దేవుడి దయ. నాగక్క అప్పటికే నిచ్చెన రెండు మెట్లు దిగింది. అతను జుట్టు పట్టుకుని పైకి లాగాడు. లేకపోతే ఇద్దరు.

పైపు అందలేదు. లోపలికి దించుకున్నాడు. ఇదీ జరిగింది.

జూన్ 20

సీఐ గారు, మండలాఫీసు నుంచి ఒకాయన వచ్చారు. మా ఆయన బడి ఫైలు తెచ్చి ముందు పెట్టాడు. బడికి కరెస్పాండెంటు ఆయనే. ఫైల్లోంచి ఒక కాగితం తీసి పైన పెట్టాడు.

సీఐ గారు చదివి, "ఏమప్పా శెట్టిగారూ, ట్రైనింగ్ కూడా చేసినాడే ఈయప్ప?" అన్నారు.

"చేసినాడు సార్. కర్నూల్లో. నిప్పు, కరెంటు, సంపులు, ఫస్టెయిడ్, అన్నీ చెప్పినారంట. మేం చేయాల్సింది మేం చేసినాం."

"అన్నీ తెల్సినోడు ఎందుకు దిగినాడో మరి."

నాగక్కను అడగడానికి పిలిపించారు. తలుపు దగ్గర నిలబడింది. "నీ మొగుడు ట్రైనింగ్ చేసినాడమ్మా, పోయిన నవంబరు ఇరవై ఒకటి నుంచి ఇరవై నాలుగు వరకు, నాలుగు దినాలు" అని సీఐ గారు చదివి వినిపించారు.

"నాలుగు దినాలా?" అంది నాగక్క.

"అవునమ్మా."

ఆమె నా వైపు చూసింది. తర్వాత కొంగు తలమీదికి లాక్కుంది.

వాళ్ళు వెళ్ళాక మా ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "ఆ కాగితమే మనల్ని కాపాడింది సుచరితా" అన్నాడు.

జూన్ 21

402 మంది.

జూన్ 23

కాగితం సంగతి కూడా రాసుకోవాలి.

తమిళనాట ఆ బడి కాలిపోయి అంతమంది పసిపిల్లలు పోయినప్పటి నుంచి పైనుంచి ఏదో ఒకటి వస్తూనే ఉంది. ఇసుక బకెట్లు పెట్టమన్నారు, పెట్టాం. రెండో మెట్లదారి కట్టమన్నారు, కట్టించాం. పోయినేడు, బడికొక కేర్‌టేకరుకు భద్రతా శిక్షణ ఉండాలి, ఆ సర్టిఫికెట్ లేకపోతే గుర్తింపు పొడిగించం అని ఉత్తరం వచ్చింది. అప్పుడే తనిఖీకి వాళ్ళొచ్చే సమయం. గోడలకు సున్నం కొట్టించాలి, ఎన్ని పనులు! నాలుగు రోజులు కంబన్న లేకపోతే ఎలా? మా ఆయనకు తెలిసిన ఒకాయన, మనిషి రాకుండానే కాగితం తెప్పిస్తానన్నాడు. సరే అన్నాం. చుట్టుపక్కల చాలా బళ్ళవాళ్ళు అలాగే తెచ్చుకున్నారు. మేమేమీ కొత్తగా చేయలేదు.

ఆ ఉత్తరం వచ్చిన రోజు స్టాఫ్‌రూంలో అనుకుంటుంటే కంబన్న విన్నాడు. "నేను పోవల్లనా మేడం?" అన్నాడు. మొహం వెలిగింది. రెండు రోజులకు మళ్ళీ అడిగాడు. "కర్నూలుకు ఎప్పుడు మేడం? చొక్కా ఉతికి పెట్టుకుంటా."

ఫారం మీద సంతకం అతనే చేశాడు. దేనికని అడిగితే గవర్నమెంటోళ్ళకని చెప్పాను. అబద్ధం కాదు.

జూలై 4

రిపోర్టు వచ్చింది. మా ఆయన రెండుసార్లు చదివాడు. "తగిన శిక్షణ పొందియుండియు మృతుడు స్వయముగా నిర్లక్ష్యము వహించుటచే..." కేసు ఉండదట.

అత్తయ్య కొబ్బరికాయ కొట్టి వచ్చింది. అరటిపళ్ళు కొని నాగక్కకు పంపించింది.

జూలై 6

నాగక్కకు కంబన్న పని ఇచ్చాం. ఆమెను వెళ్ళగొట్టలేదు. బడి వెనక గది ఆమెకే వదిలాం. జీతం కూడా అతనిదే. ఊళ్ళో అందరూ మా ఆయన్ని మెచ్చుకుంటున్నారు. "శెట్టి మంచోడు. తప్పు ఆయప్పదైనా వాళ్ళను తోసేయలేదు" అని కొట్టు దగ్గర అన్నారట.

తప్పు ఆయప్పదైనా.

జూలై 21

గంట నాగక్క కొడుతోంది. కంబన్న కొట్టినట్టు ఉండదు. కొద్దిగా ఆగి ఆగి కొడుతుంది. నాతో పనికి కావలసినంతే మాట్లాడుతుంది. తాళాలు తెచ్చి బల్ల మీద పెడుతుంది. వెళ్ళిపోతుంది.

ఏడో తరగతి పిల్ల ఒకతి ఈరోజు క్లాసులో నోట్సు రాసుకుంటూ, "మేడం, కంబన్న తాత ట్రైనింగ్‌లో సరిగ్గా వినలేదంట కదా" అంది. వాళ్ళింట్లో అనుకున్నారట. నేను ఎడమచేత్తో రాస్తున్నావేంటి అని ఆ పిల్ల నోట్సు చూశాను. కుడిచేత్తోనే రాస్తోంది.

ఆగస్టు 2

ఏమీ లేదు.

ఆగస్టు 22

ఉత్తరం. ప్రమాదం జరిగిన బడి కనుక కొత్త కేర్‌టేకర్ తప్పనిసరిగా శిక్షణకు రావాలి. ఈసారి ఫొటో, రోజూ హాజరు.

"ఫొటో పంపితే చాలంట. పోయినసారి కాగితం తెచ్చినాయన్నే అడుగుతా" అన్నాడు మా ఆయన.

నేను ఏమీ అనకముందే, తాళాలు పెట్టడానికి వచ్చిన నాగక్క గుమ్మంలో నిలబడి అంది. "నేను పోతా సార్."

"నీకు చదువు రాదు గదా నాగక్కా."

"చెవులుండాయి గదా సార్."

మా ఆయన నావైపు చూశాడు. "ఒక్కతే ఎట్ల పోతాది కర్నూలుకు?"

"నేను తోడు వెళ్తాను" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. మా పిన్ని కూతురిల్లు కర్నూల్లోనే ఉంది, చూసి చాలా రోజులైంది. అందుకే అయ్యుంటుంది.

సెప్టెంబరు 11, సోమవారం, కర్నూలు

బి.క్యాంపులో పాత హాలు. నలభై మంది. వాచ్‌మెన్లు, ఆయాలు, హాస్టలు వంటవాళ్ళు. చెప్పేది నరసింహ సార్ అని, అగ్నిమాపక శాఖలో చేసి రిటైరైన మనిషి. తెల్లటి గుబురు మీసాలు. నాగక్కను లోపల కూర్చోబెట్టి నేను వరండాలో పత్రిక చదువుకుందామనుకున్నాను. ఆయన వచ్చి, "మీరు హెడ్‌మిస్ట్రెసా? లోపలికి రాండమ్మా. మీలాంటోళ్ళు ఒక్కరూ రారు. పనోళ్ళను పంపి ఊరకుంటారు" అన్నారు.

వెళ్ళి చివరి వరసలో కూర్చున్నాను. ఈరోజు నిప్పు గురించి. నూనె మంట మీద నీళ్ళు పోయకూడదు. ఇసుక బకెట్లో పిల్లలు చాక్లెట్ కాగితాలు వేస్తారు, ఇసుక తడిసి గట్టిపడుతుంది, వారానికోసారి చేత్తో కదిపి చూడాలి. మా బడి బకెట్లు కదిపి చూసిన గుర్తు నాకు లేదు. కంబన్న కదిపేవాడేమో.

పొద్దుటి హాజరు పట్టీలో నాగక్క వేలిముద్ర వేసింది. వేసి, ఆ నల్లటి వేలిని తుడుచుకోకుండా చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది.

సెప్టెంబరు 12

కరెంటు. నాగక్క మెయిన్ ఆఫ్ చేయడం, చెక్క కర్రతో తీగ తప్పించడం చేసి చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె నవ్వలేదు. మిగతా ఆయాలతో అక్కడే హాల్లో పడుకుంటోంది. నేను పిన్ని కూతురింట్లో.

సెప్టెంబరు 13

ఈరోజు సంపులు, బావులు, సెప్టిక్ ట్యాంకులు.

నరసింహ సార్ నల్లబల్ల మీద సంపు బొమ్మ గీశారు. పైన మూత, పక్కన నిచ్చెన. మా సంపు లాగే ఉంది. అన్నీ అలాగే ఉంటాయేమో.

"మూత తీసి ఒక దినం వదిలేయాల. ఒంటిగా దిగకూడదు. నడుముకు తాడు, పైన ఇద్దరు" అన్నారు. "దీపం దించి చూస్తే చాలు అనుకుంటారు శానామంది. గాలి లేకపోతే దీపం ఆరతాది, నిజమే. కానీ ఇంజను పొగకు దీపం ఆరదు. ఆ విషానికి రంగు లేదు, వాసన లేదు. సంపులోకి ఇంజను దించినారా, పది పదిహేను నిమిషాలు, అంతే. దించకూడదు. పైపు పొడుగుది తెచ్చుకోవాల, ల్యాకపోతే బకెట్లతో తోడాల, ల్యాకపోతే ఆ దినం పని మానుకోవాల."

నాగక్క లేచి నిలబడింది.

"మనిషికి నొప్పి తెలుస్తాదా సార్?"

ఆయనకు ఆమె ఎవరో తెలియదు. "మొదట తలనొప్పి. తర్వాత నిద్రొచ్చినట్లు ఉంటాదమ్మా. కాళ్ళు మాట వినవు. నిచ్చెన కనపడతాంటాది, ఎక్కలేరు."

"ఎక్కలేరు" అంది ఆమె. కూర్చుంది.

వెనక నుంచి ఒక వాచ్‌మన్ అడిగాడు. "మా సార్ దిగమంటే ఏం చేయాల సార్? దిగనంటే పని పోతాది."

హాలంతా గుసగుసలు. నరసింహ సార్ సుద్దముక్క కింద పెట్టారు. "రేపు మీకు నేనిచ్చే కాగితం దేనికనుకుంటాండారు? గోడకు తగిలించుకునేకి కాదు. సార్ చెప్పినా, మేడం చెప్పినా, ఆ కాగితం చూపించి 'ఇది తప్పని నాకు నేర్పించినారు, నేను దిగను' అని చెప్పేకి. అది మీ నోరప్పా. మీకు తెల్సినా ఇన్నాళ్ళు నోరు ల్యాకపోయా."

ఆయన నా వైపు చూడలేదు. నేను పెన్ను మూత తీసి పెట్టాను. తీసి పెట్టాను.

మధ్యాహ్నం భోజనంలో పప్పు వేశారు. ఉప్పు ఎక్కువైందని అందరూ అన్నారు. నాకు తెలియలేదు.

సెప్టెంబరు 14

నాగక్కకు సర్టిఫికెట్ ఇచ్చారు. ఫొటో ఉంది, కింద వేలిముద్ర. ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. మధ్యాహ్నం రెండింటి బస్సుకు మా ఊరు బనగానపల్లెకు బయల్దేరాం. ఎండ. పక్కపక్క సీట్లలో కూర్చున్నాం. పదకొండేళ్ళలో ఎప్పుడూ అలా కూర్చోలేదు.

ఊరు దాటాక అంది. "పోయిన కార్తీకంలో ఆయప్ప నాలుగు దినాలు ఈడికొచ్చినాడని మీ కాగితంలో ఉండాది."

నేను కిటికీలోంచి చూస్తున్నాను.

"ఆ నాలుగు దినాలు ఆయప్ప బడికి సున్నం కొట్టినాడు మేడం. నేనే బకెట్లు అందించినా. సున్నం కంట్లో పడితే కొబ్బరినూనె పెట్టినా."

"నీకు అప్పుడే తెలుసా?" అన్నాను. "సీఐ గారు చదివినప్పుడే?"

"తెల్సు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే గది ఖాళీ చేయమందురు. యాడికి పోదును? చీపురు తప్ప నాకేం వచ్చు?" కవరు మీద దుమ్ము తుడిచింది. "ఇప్పుడు నాకు కాగితం ఉండాది. ఆలూరులో ఆడపిల్లల హాస్టల్లో మనిషి కావల్లంట, నరసింహ సార్ చెప్పినాడు. మా ఊరు ఆ తట్టే. రేపు సీఐ సార్ దగ్గరికి పోతా. మా ఆయప్ప యాడికీ పోలేదని చెప్తా. ఊళ్ళో అందరూ, నేర్చుకొని కూడా సచ్చినాడు పిచ్చోడు అంటాండారు మేడం. మూడు నెలలు విన్నా."

ఆమె గొంతు పెంచలేదు.

సెప్టెంబరు 14, సాయంత్రం

మా ఆయనకు ఇంకా చెప్పలేదు. కాగితం సంగతి ఆమె రేపు చెప్పేస్తుంది. అది నా చేతుల్లో లేదు. కానీ ఆమెకు తెలియనిది ఒకటి ఉంది. అది తెలిసిన ఇద్దరిలో ఒకరు లేరు.

జూన్ పద్దెనిమిదిన రాసింది తీసి చదివాను. దించుకున్నాడు, దించుకున్నాడు అని రెండు చోట్ల రాశాను. మొదటి రోజు కూడా అలాగే రాశాను. నా కోసమే రాసుకున్న దాంట్లో కూడా.

మళ్ళీ రాస్తాను.

పైపు అందకపోతే కంబన్న నా దగ్గరికి వచ్చాడు. నేను సంపు గట్టు మీదే నిలబడ్డాను, గొడుగు వేసుకుని. "మేడం, అందదు. బకెట్లతో తోడతా, సోమవారం పొద్దునకు అయితాది" అన్నాడు. నాలుగింటికి ట్యాంకర్ వస్తుంది కంబన్నా, వెనక్కి పంపితే మళ్ళీ వారం దాకా రాదు అన్నాను. అతను తల గోక్కున్నాడు. ఇంజను లోపలికి దించితే అందుతుంది కదా అన్నాను. నేనే అన్నాను.

అతను సంపులోకి చూశాడు. "పొగ వస్తాదేమో మేడం."

"అరగంట పనికి పొగేంది కంబన్నా. కానివ్వు."

"సరే మేడం."

అంతే. మూడు మాటలు. అతను తాడు కట్టాడు. నేను ఆఫీసుకు వచ్చి స్కేలుతో గీతలు గీసుకున్నాను.

సెప్టెంబరు 15, శుక్రవారం

పొద్దున ఎనిమిదిన్నరకు బడి వెనక గదికి వెళ్ళాను. నాగక్క స్టేషనుకు వెళ్ళడానికి తల దువ్వుకుంటోంది. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. ఇంజను దించమన్నది నేనే అని చెప్పాను.

దువ్వెన ఆగింది. తర్వాత మళ్ళీ కదిలింది. జడ ముడివేసుకుంది.

"మీరట్ల చెప్తే ఆయప్ప ఏమన్యాడు?"

"సరే మేడం అన్నాడు."

"అంతేనా?"

చెప్పకుండా ఉండవచ్చు. ఆ మాట విన్నవాళ్ళు ఎవరూ లేరు.

"పొగ వస్తాదేమో మేడం అన్నాడు. నేను వినలేదు."

ఆమె గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. నోటికి చీరకొంగు అడ్డం పెట్టుకుంది. శబ్దం రాలేదు. భుజాలు కదిలాయి. ఎంతసేపో తెలియదు. గంట కొట్టే వేళ దాటిపోయింది. ముందు వైపు పిల్లల గోల వినబడుతోంది. నేను అక్కడే నిలబడ్డాను. దగ్గరికి వెళ్ళాలా, వెళ్ళిపోవాలా తెలియలేదు.

చివరికి మొహం తుడుచుకుని లేచింది. "ఆ మాట కూడా చెప్పాల మీరు. సీఐ సార్ ముందర."

"చెప్తాను."

"రాయాల."

"రాస్తాను."

"ఇప్పుడే."

సెప్టెంబరు 15, తరువాత

మా ఆయనకు కొట్టులో చెప్పాను. బస్తాల మధ్య. "నీకేమైనా మతి పోయిందా? ముగిసిపోయింది గదా!" అన్నాడు. గొంతు తగ్గించి, "నన్ను కూడా లోపలికి తోస్తాండావు సుచరితా. బడి పోతాది. నాలుగు వందల మంది పిల్లోళ్ళు" అన్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పాతికేళ్ళ కాపురంలో ఆయన కళ్ళలో నీళ్ళు మా మామగారు పోయినప్పుడే చూశాను.

"నాగక్క ఎలాగూ చెప్తుంది" అన్నాను.

"కాగితం సంగతే గదా చెప్పేది. ఇంజను సంగతి ఎవరికి తెల్సు?"

"నాకు తెలుసు."

ఆయన తక్కెడ వైపు తిరిగాడు.

స్టేషనులో రెండు పేజీలు రాసి ఇచ్చాను. సీఐ గారు చదివి, "అమ్మా, ఇది మీ మీదికే వస్తాది. తెల్సి రాస్తాండారా?" అన్నారు. తెలిసే అన్నాను. నాగక్క పక్కన బల్లమీద కూర్చుని ఉంది, సర్టిఫికెట్ కవరు ఒళ్ళో పెట్టుకుని. ఆమె చెప్పింది కూడా రాసుకున్నారు.

బయటికి వస్తే గేటు అవతల మా ఆయన స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి రాలేదు. అలాగని వెళ్ళిపోనూ లేదు. వెనక కూర్చున్నాను.

సెప్టెంబరు 28

మా ఇద్దరి మీద 304-ఎ, నిర్లక్ష్యంతో మనిషి చావుకు కారణమైనందుకు. దొంగ సర్టిఫికెట్‌కు ఇంకో సెక్షన్. బెయిలు వచ్చింది. కాగితం తెచ్చిచ్చిన ఆయన ఊళ్ళో లేడు.

అక్టోబరు 9

హెడ్‌మిస్ట్రెస్ పని వదిలేశాను. ఈ ఏడాది చివరిదాకా బడి నడపనిచ్చారు, పిల్లలు మధ్యలో యాడికి పోతారని. చూడు, నేను కూడా యాడ అని రాస్తున్నాను. 361 మంది. తగ్గారు. కొందరు తల్లిదండ్రులు వచ్చి తిట్టారు. ఒకావిడ నా చేయి పట్టుకుని ధైర్యం చెప్పింది. తిట్టినవాళ్ళ దగ్గరే నయమనిపించింది.

అత్తయ్య నాతో మాట్లాడటం మానేసింది. మా ఆయన కొట్టు నుంచి ఆలస్యంగా వస్తాడు. కంచం ముందు కూర్చుని, "నువ్వు తిన్నావా?" అంటాడు. అంతవరకు ఉంది.

నవంబరు 17

తిరిగి విచారణ చేశారు. రిపోర్టు మార్చారు.

డిసెంబరు 4, సోమవారం

నాగక్క ఆలూరుకు వెళ్ళింది. హాస్టల్లో పని దొరికింది. అక్కడి వార్డెను మొదట సర్టిఫికెట్ చూపించమందట, ఆ తర్వాతే మిగతా మాట. పని మాట్లాడుకోవడానికి వెళ్ళిన రోజే వంటగదిలో గ్యాసు గొట్టం పాతదైపోయిందని, మార్చేదాకా పొయ్యి వెలిగించొద్దని చెప్పి వచ్చిందట. పిల్లలకు ఆ పూట బొరుగులు పెట్టారట. ఆ సంగతి నాతో చెప్పలేదు, గేటు దగ్గర టీచరుతో చెబుతుంటే విన్నాను.

సామాను ఒక ట్రంకు పెట్టె, రెండు మూటలు. బస్టాండు దాకా నేనూ వెళ్ళాను. రమ్మనలేదు, వద్దనలేదు. బస్సుకు ఇంకా టైముంది. బల్లమీద కూర్చుని జాకెట్లోంచి మడతపెట్టిన కాగితం తీసింది. కొత్త రిపోర్టు నకలు, సీఐ గారు ఇచ్చింది.

"చదవండి" అంది.

చదివాను. బస్టాండు రద్దీ. పల్లీలమ్మేవాడు మా ముందే అరుస్తున్నాడు. "మృతుడు కంబన్నకు ఏ విధమైన శిక్షణయు ఇవ్వబడలేదు. ఇంజనును సంపులోనికి దించవలసినదిగా ప్రధానోపాధ్యాయురాలు ఆదేశించగా, పొగ వచ్చునేమోనని మృతుడు సందేహము వెలిబుచ్చెను. ప్రధానోపాధ్యాయురాలు దానిని లక్ష్యపెట్టలేదు."

"ఆయప్ప అన్న మాట యాడుంది?"

వేలు పెట్టి చూపించాను. ఆమె ఆ వరస మీద వేలు పెట్టింది.

"అది మళ్ళా చదవండి."

"పొగ వచ్చునేమోనని మృతుడు సందేహము వెలిబుచ్చెను."

"అట్ల కాదు. ఆయప్ప అన్నట్లు."

పల్లీల వాడు వెళ్ళిపోయాడు. ఆమె వేలు తీయలేదు.

"పొగ వస్తాదేమో మేడం" అన్నాను.

చెప్పాక నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అంతమందిలో, బస్టాండులో, నోరు తెరిచి ఏడ్చాను. జూన్ నుంచి ఇప్పటిదాకా రానిది. ఎవరెవరో ఆగి చూశారు.

నాగక్క నన్ను ఓదార్చలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. బస్సు వచ్చింది. ట్రంకు తనే ఎత్తుకుంది, నేను పట్టబోతే పక్కకు తిప్పుకుంది. మెట్టెక్కి, లోపలికి పోబోతూ ఆగింది.

"ఆయప్పకు తెల్సు మేడం" అంది. "చూసినారా, ఆయప్పకు తెల్సు."

బస్సు కదిలింది.